ఊనా ఫుర్తీవా లాగ్రిమా: కరూసో రికార్డులు మూడు, ఆ తరువాత ఎవరు?

శ్రుతిపేటిక:

సభ్యులందరికీ నమస్కారం. ఇటాలియన్ స్వరకర్త దోనిజెట్టి ఒపెరా 'లెలిసిర్ దామోరె' (ప్రేమ ఔషధం) రెండవ అంకంలో వచ్చే 'ఊనా ఫుర్తీవా లాగ్రిమా' (ఒక చాటు కన్నీటి చుక్క) అనే ఆరియాను, అంటే ఒపెరాలో ఒక్కరే పాడే పాటను, టెనర్ల (పై స్థాయి పురుష గాయకుల) గొంతులో కొంతకాలంగా శ్రద్ధగా వింటున్నాను. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినదానిని, పాశ్చాత్య గానంలో నాకు గురుముఖంగా నేర్చుకున్నది ఏమీ లేదు; అయినా ఈ పాట మొదటి వినికిడిలోనే పట్టుకుని మళ్ళీ మళ్ళీ తన దగ్గరకు రప్పించుకుంటోంది.

ఇటాలియన్ టెనర్ ఎన్రికో కరూసో దీనిని 1902లో మిలాన్‌లోనూ, 1904లో న్యూయార్క్‌లోనూ, మళ్ళీ 1911లోనూ రికార్డుకు పాడాడు. మూడూ విన్నాను. పియానో ఒక్కటే తోడుగా పాడిన 1904 నాటిది నాకు అన్నిటికన్నా లోతుగా తాకింది. కానీ కరూసో సంకలనాలలో ఎక్కువగా ఆర్కెస్ట్రాతో పాడిన 1911 నాటిదే కనిపిస్తోంది. నా ఎంపికకు సంగీతపరమైన ఆధారం ఉందో, అది కేవలం నా అభిరుచో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కరూసో తరువాత ఎవరిని వినాలో కూడా చెప్పండి. దయచేసి 'అద్భుతం' అని వదిలేయకుండా, పాటలో ఏ చోట, ఎందుకు అద్భుతమో రాయగలరు.

నాటకప్రియ:

రికార్డుల సంగతికి వెళ్ళేముందు ఈ పాట కథలో ఎక్కడ వస్తుందో మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే ఏ గాయకుడు బాగా పాడాడన్న తీర్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

నెమొరీనో బాస్కు ప్రాంతపు పల్లెలో ఉండే పేద యువకుడు. అతడు ప్రేమించిన అదీనా చదువుకున్నది, భూములున్నది. ఊరూరా తిరిగి మందులమ్మే దుల్కమారా అనే మాటకారి సాధారణమైన బోర్డో ద్రాక్షసారాను వశీకరణ ఔషధమని చెప్పి అతడికి అంటగడతాడు. రెండో సీసాకు డబ్బు లేక, తన ప్రేమకు పోటీ వచ్చిన సార్జెంటు బెల్కోరె దగ్గరే సైన్యంలో చేరుతానని సంతకం పెడతాడు నెమొరీనో. ఈలోగా అతడి పినతండ్రి మరణించి ఆస్తి అంతా అతడికి వస్తుంది. ఆ వార్త ఊరి పడుచులకు తెలుసు, అతడికి తెలియదు. వాళ్ళందరూ ఒక్కసారిగా చుట్టూ చేరితే మందు పనిచేసిందనుకుంటాడు. ఆ దృశ్యం చూసిన అదీనా కళ్ళలో దాచుకోలేని ఒక కన్నీటి చుక్క మెరుస్తుంది. ఆ చుక్కను చూసినవాడు, అందరూ వెళ్ళిపోయాక, రంగస్థలం మీద ఒంటరిగా నిలబడి పాడే పాట ఇది.

ఇది హాస్య ఒపెరా. అంతసేపూ నవ్వించిన నాటకం ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. గీత రచయిత ఫెలీచె రొమానికి ఈ చోట ఇలాంటి పాట ఉండడం ఇష్టం లేదనీ, దోనిజెట్టి పట్టుబట్టి పెట్టించుకున్నాడనీ రొమాని భార్య ఎమీలియా బ్రాంకా తన పుస్తకంలో రాసింది. 1832 మే 12న మిలాన్‌లోని కనొబ్బియానా రంగశాలలో తొలి ప్రదర్శన జరిగిననాటి నుంచి ఈ ఒపెరాను నిలబెట్టినవాటిలో ఈ పాటది పెద్ద వాటా. కనుక నేను ప్రతి రికార్డునూ ఒకే ప్రశ్నతో వింటాను: ఈ గాయకుడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడా, లేక మూడు వేలమందికి ప్రకటన చేస్తున్నాడా? 1904 నాటి కరూసో తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. మీ ఎంపికతో నేను ఏకీభవిస్తున్నాను.

నల్లపళ్ళెం:

78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ పళ్ళేల) సేకరణ నాకు చాలా ఏళ్ళ వ్యసనం కాబట్టి ఈ మూడింటి పుట్టుక గురించి కొంత వివరంగా రాస్తాను. మీరు విన్న తేడాకు కారణం చాలావరకు అందులోనే ఉంది.

1902 ఏప్రిల్‌లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ మిలాన్‌లోని గ్రాండ్ హోటల్‌లో ఒక గదిని రికార్డింగుకు సిద్ధం చేసి కరూసోతో పది పాటలు పాడించాడు. పదింటికీ కలిపి కరూసో అడిగిన పారితోషికం 100 పౌండ్లు. అది చాలా ఎక్కువని, ఒప్పుకోవద్దని లండన్ నుంచి తంతి వచ్చినా తాను లెక్కచేయలేదని గైస్‌బర్గ్ తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. ఆ పదింటిలో మన పాట ఒకటి. అది 10 అంగుళాల పళ్ళెం. అందులో పట్టేది మూడు నిమిషాల లోపే. ఈ ఆరియా తీరుబడిగా పాడితే నాలుగున్నర నిమిషాలకు తగ్గదు. కాబట్టి ఆ రికార్డులో పాట కుదించబడక తప్పలేదు. దానిని చరిత్ర కోసం వినండి, పాట కోసం కాదు.

1904 నాటిది అందుకు పూర్తిగా వ్యతిరేకం. కరూసో 1903 నవంబరు 23న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో తొలిసారి పాడాడు. 1904 జనవరి 23న ఆ రంగశాలలో 'లెలిసిర్ దామోరె' మొట్టమొదటిసారి ప్రదర్శించినప్పుడు అతడే నెమొరీనో, మార్సెల్లా సెంబ్రిక్ అదీనా. సరిగ్గా తొమ్మిది రోజుల తరువాత, ఫిబ్రవరి 1న, కార్నెగీ హాల్ భవనంలోని విక్టర్ కంపెనీ గదిలో కరూసో తన తొలి అమెరికా రికార్డులు చేశాడు. ఈ ఆరియాను ఆనాడు రెండు పళ్ళేలకు విడగొట్టారు: మొదటి చరణం 10 అంగుళాల పళ్ళెం మీద, రెండవ చరణం 12 అంగుళాల పళ్ళెం మీద. ఆ రోజులలో ఎర్ర లేబుల్ విక్టర్ రికార్డులకు ఒకవైపే పాట ఉండేది కనుక, కొనేవాడు రెండు రికార్డులూ విడివిడిగా కొని, మొదటి చరణం ముగిశాక లేచి పళ్ళెం మార్చి రెండవది వినవలసి వచ్చేది.

వినేవాడికి అది ఇబ్బందే. పాడేవాడికి మాత్రం అది వరమైంది. కాలం తరుముతూ లేదు. అందుకే ఈ రికార్డులో కరూసో తనకు నచ్చినచోట ఆగుతాడు, ఒక స్వరాన్ని పట్టుకుని మెల్లగా సన్నబరుస్తాడు, రెండవ చరణం చివర కడెంజాను (తోడు ఆగగా గాయకుడు ఒంటరిగా స్వేచ్ఛగా పాడే ముగింపు అల్లికను) ఏ తొందరా లేకుండా పాడతాడు. వెనుక పియానో ఒక్కటే కాబట్టి, ఎంత ఆగినా అతడి వెంట నడవడానికి ఒక్క మనిషి చాలు. 1911 నవంబరు నాటి రికార్డులో ఆర్కెస్ట్రా అంతా శబ్దాన్ని పట్టే ఒకే రేకు బూర చుట్టూ ఇరుక్కుని కూర్చుని ఉంది, మొత్తం పాట ఒక్క 12 అంగుళాల పళ్ళెం మీద పట్టాలి. ఆ క్రమశిక్షణ పాటలో వినిపిస్తుంది.

వేగుచుక్క:

నాకు ఈ పాట తెలిసింది పవరొట్టి గొంతులోనే. కరూసోను వినాలని చాలాసార్లు ప్రయత్నించాను కానీ ఆ గరగర శబ్దం వెనుక ఉన్న గొంతును పట్టుకోవడం నాకు సాధ్యం కావడం లేదు. ఇంత పాత రికార్డులో మీరందరూ వింటున్న సున్నితత్వం నిజంగా అందులో ఉన్నదేనా, లేక ఆ పేరు మీద ఉన్న గౌరవం వినిపిస్తోందా? ఎవరినీ నొప్పించాలని అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

మధ్యమకాలం:

వేగుచుక్క గారూ, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. నేను టెనర్ గానం నేర్చుకుంటున్నవాడిని, ఈ ఆరియా నా పాఠాలలో ఉంది. అందుచేత గాయకుడి వైపు నుంచి సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఈ పాటలో టెనర్లకు పేరు తెచ్చే ఆ పై 'సి' స్వరం లేదు. కష్టమంతా మరొక చోట ఉంది. గొంతు కింది స్థాయి నుంచి పై స్థాయికి మారే సంధిస్థలాన్ని ఇటాలియన్లు పాసాజ్జో అంటారు. ఈ పాట చాలాసేపు ఆ పరిసరాలలోనే తిరుగుతుంది. అక్కడ గట్టిగా పాడడం తేలిక, మెల్లగా పాడడం తేలిక కాదు. పైగా తోడుగా ఉన్నవి హార్ప్ (నిలువు తీగల వాద్యం), తీగలను మీటుతూ వాయించే వయొలిన్ కుటుంబం, అప్పుడప్పుడు బస్సూన్ (మంద్ర స్థాయి గాలి వాద్యం). దాక్కోవడానికి చోటు లేదు. ఊపిరి కొంచెం తడబడినా ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది.

స్వర నిర్మాణం చూడండి. బస్సూన్ ఒంటరిగా ఆ రాగవరుసను ముందు వాయిస్తుంది; బి ఫ్లాట్ ఆధార స్వరంగా మైనర్ (విషాద ఛాయ ఉన్న స్వరవరుస), ఆరు ఎనిమిదుల తాళం, నెమ్మదైన నడక. మొదటి చరణంలో 'ఆమె నన్ను ప్రేమిస్తోంది' అన్న మాట దగ్గర సంగీతం డి ఫ్లాట్ మేజర్‌లోకి (వెలుగు ఛాయ ఉన్న స్వరవరుసలోకి) తెరుచుకుంటుంది. మళ్ళీ బస్సూన్ మనలను మైనర్‌లోకి తెస్తుంది. రెండవ చరణంలో 'దేవుడా, ఇక చనిపోయినా ఫరవాలేదు' అన్న చోట బి ఫ్లాట్ మేజర్ వస్తుంది. అంటే వెలుగు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ ఒకే వెలుగు కాదు: మొదటిసారి అతడు పొరుగు ఇంటి దాకా మాత్రమే వెళ్ళివచ్చాడు, రెండవసారి తన ఆధార స్వరం మీదే నిలబడి ఉన్నాడు. ఈ రెండింటి మధ్య తేడా చూపించని గాయకుడు ఎంత మంచి గొంతుతో పాడినా నాకు తృప్తి ఉండదు. అనేకమంది మొదటి మేజర్ దగ్గరే సంతోషమంతా ఖర్చు చేసేస్తారు.

1904 రికార్డులో కరూసో ఆ తప్పు చేయడు. మొదటి చరణంలో ఆ మాటను అతడు తనను తాను నమ్మించుకుంటున్నట్లు అంటాడు. రెండవ చరణంలో గొంతు విప్పుతాడు, కానీ వెంటనే తగ్గిస్తాడు. ఒకే ఊపిరిలో స్వరాన్ని పెంచి తగ్గించే ఆ పనిని మెస్సా ది వోచె అంటారు. అది గరగర శబ్దంలో కూడా స్పష్టంగా వినిపిస్తుంది, ఎందుకంటే అది శబ్ద నాణ్యతకు సంబంధించినది కాదు, ఆకారానికి సంబంధించినది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, గరగరను కాక ఒక్క దీర్ఘ స్వరం మొదలు నుంచి చివరి వరకు ఏమవుతోందో మాత్రమే గమనించి చూడండి.

నల్లపళ్ళెం:

దానికి తోడు ఒక ఆచరణాత్మకమైన మాట. పాత పద్ధతిలో మైక్రోఫోన్ లేదు. అది రికార్డింగులోకి వచ్చింది 1925లో. అంతకుముందు గాయకుడు బూరలోకి పాడితే ఆ గాలి కంపనమే సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. ఆ బూరకు తన సొంత మోగుడు ఒకటి ఉండేది, అది ప్రతి గొంతుకూ అంటుకునేది. టెనర్ గొంతు ఆ పద్ధతికి అనుకూలమైనది. తీగ వాద్యాలు, మంద్ర స్వరాలు సరిగా పడేవి కావు. కాబట్టి కరూసో గొంతు విషయంలో మీరు అనుకునేంత నష్టం జరగలేదు.

ఏ ప్రతి నుంచి వింటున్నారన్నది చాలా ముఖ్యం. యూటా విశ్వవిద్యాలయంలో థామస్ స్టాక్‌హామ్ కంప్యూటర్ సహాయంతో బూర మోగుడును లెక్కకట్టి తొలగించిన కరూసో రికార్డులు 1976లో వెలువడ్డాయి. తరువాత వార్డ్ మార్‌స్టన్ శ్రద్ధగా చేసిన ప్రతులు వచ్చాయి. నేను వాటినే సిఫారసు చేస్తాను. ఇవి కాక, కరూసో గొంతు మీద కొత్త ఆర్కెస్ట్రాను అతికించినవి కూడా ఉన్నాయి. ఆ పని 1930ల మొదట్లోనే విక్టర్ కంపెనీ చేసింది. 2000 ప్రాంతంలో వియన్నా రేడియో ఆర్కెస్ట్రాతో మరోసారి చేశారు. ఆ అతుకుల రికార్డులను నేను ఇష్టపడను. చనిపోయిన గాయకుడి ఊపిరి వెంట బతికున్న ఆర్కెస్ట్రా పరుగెత్తుతుంది కానీ, అతడు వాళ్ళను విని తన నడక మార్చుకోలేడు. సంగీతంలో సగం ఆ ఇచ్చిపుచ్చుకోవడమే కదా.

ఖర్చు లేకుండా వినాలనుకునేవారికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011లో ప్రారంభించిన నేషనల్ జ్యూక్‌బాక్స్ ఉంది. విక్టర్ కంపెనీ పాత రికార్డులు అక్కడ ఏ అలంకారమూ లేకుండా, ఉన్నవి ఉన్నట్లుగా వినవచ్చు.

హడ్సన్‌తీరం:

అందరూ 1904 వైపే ఉన్నారు కనుక 1911 తరఫున నేను మాట్లాడతాను, ఎందుకంటే దానికి ఇక్కడ అన్యాయం జరుగుతోంది.

1904లో కరూసోకు 31 ఏళ్ళు నిండడానికి కొద్ది రోజులు తక్కువ. 1911లో 38. మధ్యలో 1909లో స్వరపేటిక మీద గడ్డ వచ్చి మిలాన్‌లో శస్త్రచికిత్స జరిగింది. అతడు పాడే పాత్రలు కూడా అప్పటికి బరువెక్కాయి. కాబట్టి 1911 నాటి గొంతు నల్లబడింది, చిక్కబడింది. కంచు పాత్ర మీద తట్టినప్పుడు లోపల నిలిచిపోయే మోతలాంటిది ఆ గొంతు. ఆ గొంతుతో అతడు మెల్లగా పాడినప్పుడు, ఆపుకున్న బలం ఎంతో మనకు తెలుస్తుంది. 1904 నాటి యువకుడు సున్నితంగా పాడడంలో ఆశ్చర్యం లేదు. అతడి గొంతు స్వభావమే అది. 1911 నాటి మనిషి సున్నితంగా పాడాలని నిర్ణయించుకున్నాడు. నెమొరీనో పల్లెటూరి కుర్రవాడే కావచ్చు, కానీ ఈ పాట పాడే నాలుగు నిమిషాలలో అతడు పెద్దవాడవుతున్నాడు. ఆ ఎదుగుదలను నేను 1911 రికార్డులోనే విన్నాను.

నల్లపళ్ళెం గారు 'క్రమశిక్షణ' అన్నది నాకు లోపంగా అనిపించదు. ఆరు ఎనిమిదుల ఊపు కింద నిలబడి ఉంటేనే దాని మీద గాయకుడు తీసుకునే స్వేచ్ఛ స్వేచ్ఛగా వినిపిస్తుంది. 1904లో కొన్ని చోట్ల ఆ ఊపు పూర్తిగా కరిగిపోతుంది.

మరొక సంగతి కూడా చెప్పాలి. కరూసో జీవితానికీ ఈ ఒపెరాకూ ఉన్న ముడి చాలా గట్టిది. 1901 ఫిబ్రవరిలో మిలాన్ లా స్కాలాలో తొస్కనీని ఆర్కెస్ట్రా నిర్వహణలో నెమొరీనోగా పాడిన తరువాతనే ఆ రంగశాల అతడిని అక్కున చేర్చుకుంది. అదే ఏడాది చివర సొంత ఊరు నేపుల్స్‌లో ఇదే పాత్ర పాడినప్పుడు ఎదురైన స్పందన అతడి మనసును ఎంత గాయపరిచిందంటే, మళ్ళీ ఆ నగరంలో ఒపెరా పాడలేదు. 1920 డిసెంబరు 11న బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో నెమొరీనో పాడుతుండగా అతడి నోటి నుంచి రక్తం పడింది. చేతిరుమాళ్ళు అందిస్తూ ఉంటే మొదటి అంకం ముగించాడు. అక్కడితో ప్రదర్శన ఆపివేశారు. ఆ రాత్రి ప్రేక్షకులు ఈ ఆరియా దాకా చేరలేదు. 1921 ఆగస్టు 2న నేపుల్స్‌లోనే కన్నుమూశాడు.

శ్రుతిపేటిక:

హడ్సన్‌తీరం గారూ, మీ వాదన చదివి 1911 రికార్డును మళ్ళీ విన్నాను. రెండవ చరణం గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను. మొదటి చరణంలో మాత్రం నాకు ఇంకా 1904 కావాలి.

ఇప్పుడు నాకు మరొక సందేహం వచ్చింది. ఇంట్లో ఉన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని అంతర్జాలంలో దొరికిన ప్రతులను పోల్చి చూస్తే, ఒకే 1904 రికార్డు ఒకచోట ఒక శ్రుతిలోనూ మరొకచోట దానికి దాదాపు అర మెట్టు పైనా ఉంది. పై శ్రుతిలో ఉన్న ప్రతిలో కరూసో గొంతు సన్నగా, కొంచెం తొందరగా వినిపిస్తోంది. ఏది అసలైనది?

నల్లపళ్ళెం:

చాలా మంచి పరిశీలన. '78' అన్న అంకె తరువాతి కాలంలో స్థిరపడింది. 1904 ప్రాంతంలో రికార్డు చేసే యంత్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందన్నది ఆ గదికీ ఆ రోజుకూ సంబంధించిన విషయం; 70లలో ఎక్కడైనా ఉండవచ్చు. నిమిషానికి 73.6 చుట్ల వేగంతో చేసిన రికార్డును 78 వేగంతో తిప్పితే శ్రుతి సరిగ్గా అర మెట్టు పెరుగుతుంది, పాట ఆరు శాతం తొందరగా ముగుస్తుంది. గొంతు రంగు కూడా మారిపోతుంది. కరూసో గొంతు పీలగా ఉందని తీర్పు చెప్పినవారిలో కొందరు నిజానికి విన్నది తొందరపడ్డ యంత్రాన్ని.

సరిచూసుకోవడానికి మనకు ఉన్న ఆధారం స్వరలిపి. పాట బి ఫ్లాట్ మైనర్‌లో రాసి ఉంది కాబట్టి ఆ శ్రుతికి వచ్చేలా వేగాన్ని సర్దుతారు. అయితే గాయకులు అవసరాన్ని బట్టి శ్రుతి దించి పాడడం కూడా ఉండేది. ఆనాటి ప్రామాణిక శ్రుతి కూడా ఊరికొక తీరుగా ఉండేది. అందుకని అనుభవమున్నవారు శ్రుతి ఒక్కదానినే నమ్మరు. అచ్చుల రంగు సహజంగా ఉందా, గొంతు వణుకు మరీ వేగంగా ఉందా అని కూడా చూస్తారు. మీ రెండు ప్రతులలో కింది శ్రుతిలో ఉన్నదానిలో అచ్చులు మనిషి అచ్చులుగా వినిపిస్తే దానినే నమ్మండి.

సూత్రధారి (నిర్వాహకుడు):

చర్చ ఇలాగే విషయం మీదే సాగడం సంతోషంగా ఉంది. గైస్‌బర్గ్ పేరు వచ్చింది కనుక ఒక మాట చేరుస్తాను. 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లో కరూసో చేత పాడించిన ఆ మనిషే అదే ఏడాది నవంబరులో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ చేత పాడించాడు. మన దేశపు శాస్త్రీయ గానం పళ్ళెం మీదకు ఎక్కినది ఆ యాత్రలోనే, అలాంటి బూర ముందే. రాగాన్ని మూడు నిమిషాలలో ముగించవలసిన ఇబ్బంది, పల్లవి నుంచి చరణానికి పరుగున వెళ్ళడం, సంగతులను కుదించడం మన తెలుగు పద్యాలకూ కృతులకూ కూడా తరువాత కొన్ని దశాబ్దాలపాటు తప్పలేదు. కరూసో 1902, 1904 రికార్డుల మధ్య తేడా మన పాత రికార్డులు విన్నవారికి వెంటనే అర్థమవుతుంది.

నాటకప్రియ:

'కరూసో తరువాత ఎవరు' అన్న ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను మొదలుపెడతాను: ఇటాలియన్ టెనర్ తీతో స్కీపా.

స్కీపా గొంతు పెద్దది కాదు. పై స్వరాల విస్తీర్ణమూ తక్కువే. 1932లో మరో ఇటాలియన్ టెనర్ జీల్యి మెట్రోపాలిటన్‌ను వదిలి వెళ్ళాక స్కీపా అక్కడ తొలిసారి పాడింది కూడా నెమొరీనో పాత్రే. 1920ల చివర, మైక్రోఫోన్ వచ్చిన తరువాత, అతడు చేసిన ఈ ఆరియా రికార్డులో ప్రతి మాటా చెవిలో చెప్పినట్లు ఉంటుంది. ఇటాలియన్ తెలియని నాకు కూడా ఎక్కడ ఒక ఆలోచన ముగిసి మరొకటి మొదలైందో తెలుస్తుంది. అతడు ఏడవడు. కన్నీరు అదీనాది, నెమొరీనోది కాదు. అది గుర్తుపెట్టుకున్న గాయకులు తక్కువ.

బెన్యమీనో జీల్యి గొంతు స్కీపా కన్నా ఎన్నోరెట్లు అందమైనది, ఆ తేనె నాకూ ఇష్టమే. కానీ జీల్యి ఈ పాటలో వెక్కుతాడు. ఒక పదం చివర వెక్కు, మరొక పదం మొదట నిట్టూర్పు. సంతోషంతో నివ్వెరపోయిన కుర్రవాడు ఎందుకు వెక్కుతాడు? ఆ వెక్కులు వచ్చిన ప్రతిసారీ నాకు పాత్ర మాయమై గాయకుడు కనిపిస్తాడు.

మధ్యమకాలం:

జీల్యి విషయంలో మీరు కొంచెం కఠినంగా ఉన్నారని నా అభిప్రాయం. వెక్కులు పక్కన పెట్టి అతడి సగం గొంతును (బలం తగ్గించి మెల్లగా పాడే గొంతును) వినండి. దానిని అందుకున్నవారు ఆ తరువాత నాకు కనిపించలేదు. స్కీపా గురించి మాత్రం మీ మాటే నా మాట. జాన్ మెకార్మక్ 1910 నాటి రికార్డును కూడా జాబితాలో చేర్చాలి. ఐర్లండ్‌వాడైనా మిలాన్‌లో శిక్షణ పొందాడు. ఊపిరి అతడికి ఎక్కడ అయిపోతుందో కనిపెట్టడం కష్టం.

పూర్తి ఒపెరా రికార్డులలో 1955 నాటి డెక్కా కంపెనీ సంపుటంలో జుసెప్పె ది స్తెఫానో, 1966 నాటి ఇ.ఎం.ఐ. కంపెనీ సంపుటంలో నికొలాయ్ గెద్దా ఉన్నారు. రెండింటికీ ఫ్రాంచెస్కో మొలినారి ప్రదెల్లీయే నిర్వాహకుడు. ది స్తెఫానో తెరిచిన గొంతుతో నిర్భయంగా పాడతాడు. అలా పాడితే గొంతు ఎక్కువకాలం నిలవదని నా గురువుగారు హెచ్చరిస్తారు, కానీ ఆ ధైర్యం నెమొరీనోకు సరిపోతుంది. గెద్దా ప్రతి స్వరాన్నీ సరైన చోట పెడతాడు, నేర్చుకునేవారికి అంతకన్నా మంచి పాఠం లేదు, అయినా విన్నాక మనసులో మిగిలేది తక్కువ. 1977లో జాన్ ప్రిచర్డ్ నిర్వహణలో డొమింగో పాడినది కూడా ఉంది. గొంతు ఈ పాత్రకు బరువు.

వేగుచుక్క:

నల్లపళ్ళెం గారు, మధ్యమకాలం గారు చెప్పినట్లే చేశాను. హెడ్‌ఫోన్‌లో మార్‌స్టన్ ప్రతి విన్నాను. దీర్ఘ స్వరాలను మాత్రమే గమనిస్తూ ఉంటే నాలుగైదు సార్లకు గరగర నిజంగానే వెనక్కు వెళ్ళింది. కృతజ్ఞతలు.

ఇక పవరొట్టి గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంది. 1970 నాటి డెక్కా సంపుటంలో రిచర్డ్ బానింగ్ నిర్వహణలో, జోన్ సదర్లండ్ అదీనాగా ఉన్నప్పుడు, అతడికి 34 ఏళ్ళు. ఇందులో అతడి ఉచ్చారణ స్కీపాకు ఏమాత్రం తీసిపోదు. గొంతులో ఆ పల్లెటూరి అమాయకత్వం సహజంగా ఉంది. నటించవలసిన అవసరం లేదు. మేజర్ వచ్చినప్పుడు గొంతు రంగు తనంతట తానే వెలుగులోకి మారుతుంది. సుమారు ఇరవై ఏళ్ళ తరువాత జేమ్స్ లెవైన్ నిర్వహణలో మళ్ళీ పూర్తి ఒపెరా రికార్డు చేశాడు. అందులో అనుభవం ఉంది, తాజాదనం తగ్గింది. 1988 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో నెమొరీనో పాడినప్పుడు ప్రేక్షకులు చప్పట్లతో అతడిని 165 సార్లు తెర ముందుకు పిలిచారు. అంతమంది అంతసేపు పొరపాటు పడలేదని నేను నమ్ముతున్నాను.

నాటకప్రియ:

1970 నాటి పవరొట్టి గురించి మీరు రాసినది అక్షరాలా నిజం. కచేరీలలో, మైదానాలలో అతడు ఈ పాటను పాడిన తీరు వేరు. ఆ రికార్డులు చూసి చాలామంది 1970 నాటి మనిషిని మరిచిపోయారు. నేను ఆ సంపుటాన్ని స్కీపా పక్కనే ఉంచుతాను.

హడ్సన్‌తీరం:

ఈ కాలం వారిలో ఒకరినైనా చెప్పకపోతే చర్చ అసంపూర్ణమవుతుంది. 2005లో వియన్నా స్టాట్స్‌ఓపర్ రంగశాలలో అన్నా నెత్రెబ్కోతో కలిసి రొలాండో విల్యాసోన్ పాడిన ప్రదర్శన దృశ్యరూపంలో దొరుకుతుంది. ఆరియా ముగిశాక చప్పట్లు ఎంతకూ ఆగకపోతే అతడు మొత్తం పాటను మళ్ళీ పాడాడు. రెండుసార్లూ ఒకేలా పాడలేదు. రెండవసారి ఇంకా మెల్లగా, ఇంకా దగ్గరగా పాడాడు. ఒక గాయకుడు ఒకే రాత్రి, ఒకే ఆర్కెస్ట్రాతో ఈ పాటను రెండు విధాలుగా ఆలోచించడం వినాలంటే ఇంతకన్నా మంచి అవకాశం లేదు. 1901లో లా స్కాలాలో కరూసో చేత కూడా దీనిని మళ్ళీ పాడించుకున్నారు.

నాటకప్రియ:

విల్యాసోన్ పాడిన తీరు నాకు ఇష్టమే, కానీ అలా తిరిగి పాడించడం ఒక నష్టం తెస్తుంది. ఈ పాటను విడిగా రికార్డుల మీద వినే మనందరికీ కూడా అదే నష్టం ఉంది. ఆరియా ముగిసిన వెంటనే అదీనా వస్తుంది. నెమొరీనో సంతకం పెట్టిన సైనిక ఒప్పంద పత్రాన్ని ఆమె తన డబ్బుతో బెల్కోరె దగ్గర తిరిగి కొని తెచ్చింది. 'తీసుకో, నా వలన నువ్వు స్వతంత్రుడివి' అంటూ ఆమె పాడే ఆరియా ఈ కన్నీటికి జవాబు. అతడు తన పాటలో ఇంకేమీ అడగనన్నాడు. ఆమె అడగకుండానే తెచ్చింది. ఆ రెండు పాటల మధ్య దూరం ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. శ్రుతిపేటిక గారూ, 1966 సంపుటంలో గెద్దా పాడడం మధ్యమకాలం గారికి చల్లగా అనిపించినా సరే, అది ముగిశాక ఆపకుండా అదీనాగా మిరెల్లా ఫ్రేనీ పాడే ఆ తరువాతి ఘట్టం కూడా వినండి. విన్నాక ఇక్కడ రాయండి.

శ్రుతిపేటిక:

విన్నాను. ఫ్రేనీ ఆ మొదటి మాటను ఆజ్ఞలా కాక, చేతిలో కాగితం వణుకుతున్నట్లు అంటుంది. గెద్దా అంత నిగ్రహంగా ఎందుకు పాడాడో ఆమె వచ్చాకనే నాకు అర్థమైంది. అతడు ముందే అంతా ఖర్చు చేసి ఉంటే ఆమెకు చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. ఇక 1970 సంపుటంలో ఇదే ఘట్టాన్ని సదర్లండ్ గొంతులో వినడం మొదలుపెడుతున్నాను. అక్కడ ఆమె సంప్రదాయంగా పాడే ఆరియాకు బదులు వేరొకటి పాడిందని ఎక్కడో చదివాను, తెలిసినవారు వివరించగలరు.